తూర్పు హద్దున మెట్ల బావి

1983 ఎండాకాలం. కామారెడ్డిలో రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదుట, రేకుల పందిరి కింద మేం కొందరం దస్తావేజు లేఖరులం బల్లలు వేసుకుని కూర్చునేవాళ్లం. నా బల్ల చివరిది. కుర్చీ మా ఇంటి నుంచి తెచ్చుకున్నది, టేకుది, చేతులున్నది. మిగతావాళ్లవి స్టూళ్లు. నేను రాయించుకోవడానికి వచ్చిన పార్టీల డబ్బుతో చాయ్ తాగేవాణ్ని కాదు. నా వెనక ‘కుర్చీ దొర’ అనుకునేవారని తెలుసు. నా ముందు అన్నవాడు మాత్రం లేడు.

మా ఊరు కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే రోడ్డు మీద ఉంది. అక్కడ మాకు ఒకప్పుడు కోట లాంటి గడి ఉండేది. భూములు కొన్ని సీలింగులో పోయాయి. మిగిలినవాటిని మా పెద్దలు పేకాటలోనూ కోర్టుల్లోనూ పోగొట్టారు. గడి గోడల రాళ్లు ఇప్పుడు ఎవరెవరి ఇళ్ల పునాదుల్లో ఉన్నాయో నాకు తెలుసు. ఆ సంగతి నేనెవరి దగ్గరా ఎత్తను.

ఈ పని తెలియని వారి కోసం రెండు మాటలు చెప్పాలి. సేల్ డీడ్ అంటే అమ్మకపు దస్తావేజు. దాని ప్రాణమంతా చివర రాసే షెడ్యూల్‌లో ఉంటుంది. సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు అక్కడే రాస్తాం. అంకెల్లో పొరపాటు దొర్లినా హద్దులు సరిగా ఉంటే కోర్టు హద్దుల వైపే మొగ్గుతుంది. ఈసీ అని ఇంకో కాగితం ఉంటుంది, ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్. ఆస్తి మీద తాకట్టు ఉందో లేదో అది చెబుతుంది. అమ్మే ఆస్తిలోనే లోపం ఉంటే అమ్మేవాడు చెప్పి తీరాలని చట్టంలో ఉంది. ఆస్తి పక్కన ఉన్నదాని గురించి మాత్రం ఎవరూ ఎవరినీ అడగరు. పక్కనున్న నీళ్లలో విషం ఉన్నా ఈసీ తెల్లగానే వస్తుంది.

సంతకాలకు ముందు దస్తావేజును ఇరుపక్షాలకూ చదివి వినిపించడం మా పద్ధతి. చాలామంది గొణిగి ముగించేవారు. నేను రోడ్డవతల చాయ్ బండి దాకా వినిపించేటట్టు చదివేవాణ్ని. మా ఇంట్లో గొంతు తగ్గించి మాట్లాడడం ఎవరికీ అలవాటు లేదు.

ఆ వేసవిలో విఠల్ సేటు నా బల్ల దగ్గరికి వచ్చాడు. కాలువ పనుల కాంట్రాక్టులు చేసి నాలుగు రాళ్లు వెనకేసుకున్న మనిషి. ఒకప్పుడు మావైన పొలాలు చేతులు మారి మారి అతని చేతికి వచ్చాయి. వాటిని ప్లాట్లు కొట్టాడు.

“దొరా, మీ బావికి మల్ల మంచి రోజులొచ్చినయ్. రాతలన్ని మీరే రాయాలె. దొరల బావి పక్కన జాగ, దొర మనుమడి చేతి రాత. గిరాకి ఎట్లుంటదో సూడుండ్రి!”

“ఏ బావి?”

“మెట్ల బావి. ఈత బావి చేసిన.”

నాకు ఒళ్లు మండింది. ఆ మెట్ల బావి మా ముత్తవ్వ తవ్వించింది. మూడు దిక్కులా రాతి మెట్లు, నిండు వేసవిలోనూ నడుం లోతు తగ్గని నీళ్లు. మూడేళ్ల కిందట ఆ నీళ్లలో నారికురుపు బయటపడింది. పాలమూరు వైపు ఎక్కువగా ఉండే ఈ రోగం మా వైపు అక్కడక్కడ కనిపించేది, నారు అనేవాళ్లు. చూడనివారికి చెబుతున్నాను. కాలి మీద పొక్కు లేస్తుంది. అది చితికి, లోపలినుంచి దారం లాంటి పొడుగాటి పురుగు తల బయట పెడుతుంది. దాన్ని లాగితే తెగుతుంది. రోజూ కొంచెం కొంచెంగా పుల్లకు చుట్టుతూ తీయాలి. ఆ కాలు నీళ్లలో పెడితే పురుగు లక్షల పిల్లలను నీళ్లలోకి వదులుతుంది. ఆ నీళ్లు మింగినవాడికి అప్పుడే ఏమీ కాదు. ఏడాది తర్వాత, సరిగ్గా నాట్ల వేళకో కోతల వేళకో, వాడి కాలిమీద పొక్కు లేస్తుంది. ఇంటిల్లిపాదీ మంచం పట్టిన ఇళ్లు మా ఊళ్లో ఉన్నాయి.

ఆరోగ్యశాఖ వాళ్లు వచ్చి నీళ్లలో మందు వేశారు. మనుషులు లోపలికి దిగకుండా మూడు దిక్కుల మెట్లకూ అడ్డంగా రాతిగోడ కట్టించారు. గిరక పెట్టి పైనుంచే చేదుకోమన్నారు, నీళ్లు గుడ్డతో వడగట్టుకోమన్నారు. వడగట్టనివాళ్లూ ఉన్నారు. మా ముత్తవ్వ కట్టించిన మెట్లకు గోడ అడ్డం వస్తే నాకు గర్వంగా ఏమీ లేదు. అయినా ఆ రోజు నేను నిలబడి కట్టించాను.

మరుసటి రోజే సైకిల్ మీద మా ఊరికి వెళ్లాను. రోడ్డు పక్కన రేకు బోర్డు నిలబెట్టి ఉంది: ‘దొరల ఈతబావి పక్కన ఇళ్ల స్థలాలు. పిల్లలకు, పెద్దలకు ఈత వసతి.’ కింద మా ఇంటిపేరు. నన్ను అడిగినవాడు లేడు.

బావి దగ్గర గోడ లేదు. రాళ్లు ఒక పక్క కుప్పగా పడి ఉన్నాయి. మెట్లకు సున్నం కొట్టి, అంచులకు ఎర్ర జాజు పూశారు. ప్లాట్లు చూడడానికి పట్నం నుంచి వచ్చినవాళ్లు లోతు వైపు ఈదుతున్నారు. ఒకాయన నోటి నిండా నీళ్లు పట్టి పైకి చిమ్ముతుంటే మిగతావాళ్లు నవ్వుతున్నారు. విఠల్ సేటు పైమెట్టు మీద నిలబడి చప్పట్లు కొడుతున్నాడు.

ఇటువైపు అడుగుమెట్టు మీద బాలయ్య కూర్చుని ఉన్నాడు. ఒకప్పుడు మా గడిలో పనిచేసిన మనిషి. మోకాలి దాకా కాలు నీళ్లలో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. నీళ్లలోంచి కాలు ఎత్తించి చూశాను. చీలమండ దగ్గర పుల్ల కట్టి ఉంది. పుల్లకు చుట్టిన తెల్లటి దారం కనిపించింది.

“బాలయ్యా, కాలు బయటనే ఉంచు.”

“మంట దొరా. నిప్పుల పెట్టినట్టున్నది. నీళ్లల్ల పెడితెనె జర సల్లగైతది.”

“పెట్టొద్దని డాక్టరు చెప్పలేదా?”

“చెప్పిండు. గోడ ఉన్నప్పుడు నేను దిగిన్నా? ఇప్పుడు సేటే గోడ తీసిండు గద. తీసిండంటే నీళ్లు మంచిగైనట్టే గదా?”

చదువుకున్నవాడు గోడ తీస్తే ప్రమాదం పోయిందని చదువులేనివాడు అనుకోవడంలో తప్పేముంది? బాలయ్య రెక్క పట్టుకుని పైకి ఎక్కించి, చెట్టు నీడలో కూర్చోబెట్టాను. అప్పుడు సేటు దగ్గరికి వెళ్లాను.

“గోడ ఎవరు తీయమన్నరు?”

“గోడ ఉంటె గది బావి గాదు దొరా, గోరీ. ఈత బావి అని బోర్డు రాయించి జనానికి గోడ సూపెట్టాల్నా?”

“నారు ఉన్నది. బాలయ్య కాలు చూసినవా?”

అతను నవ్వాడు. ఈదుతున్నవాళ్లకు వినబడకుండా గొంతు తగ్గించాడు. “ఉంటె ఉండనీ. ఇయ్యాల మింగితే ఇయ్యాల్నే వస్తదా? ఏడాదికి గదా వచ్చేది. ఏడాదిల మనిషి ఎన్ని ఊర్ల నీళ్లు తాగుతడు! గీ బావిదే అని ఎవడు సెప్తడు? ఇంకోటి, బావి నేను ఎవలకు అమ్ముతలేను. ఏ ప్లాటుల కలుపలే. అందరిదీ అని ఇడిశిపెట్టిన. అమ్మనిదాన్ల లోపముంటె నాకేం సంబంధం?”

ఇదీ అతని తెలివి. గిరాకీ కోసం బోర్డు మీద ఉన్న బావి దస్తావేజులో లేదు. రోగం బయటపడేసరికి రిజిస్ట్రేషన్లన్నీ ముగిసి ఉంటాయి. లోకంలో మోసగాళ్లను చాలామందిని నా బల్ల దగ్గరే చూశాను. దొంగ వేలిముద్రలు చూశాను, చచ్చినవాడి పేరుతో అమ్మినవాళ్లను చూశాను. వాళ్లందరూ దొరికిపోతామేమోనని భయపడుతూ చేశారు. ఇతడికి ఆ భయం కూడా లేదు. రోగానికి పట్టే ఏడాది కాలాన్ని తన లాభం కింద లెక్కవేసుకున్నాడు. ఆ రోజు నా చేతిలో కర్ర లేకపోవడం మంచిదైంది.

“రాస్త. కాని ఉన్నదున్నట్టు రాస్త,” అన్నాను.

“రాయుండ్రి దొరా. మీ రాత ముత్యాల లెక్కుంటది,” అన్నాడు. నా మాటను పెద్దింటి డాబు అనుకున్నాడు.

ఆ వారంలోనే మొదటి దస్తావేజు వచ్చింది. కొనేవాడు ఖాజా మియా, ఎల్లారెడ్డి. దమ్మామ్‌లో లారీ నడిపి సెలవు మీద వచ్చాడు. ప్లాటు భార్య మహబూబ్ బీ పేరిట. ఆమె నల్ల బురఖాలో పందిరి గుంజ పక్కన పీట మీద కూర్చుంది. ఖాజా మియా మాత్రం కూర్చోలేకపోయాడు.

“ఆరేండ్లు ఇసుకల ఉన్న సాబ్. బకెట్ల నీళ్లు, మగ్గుతోని పోసుకునుడు. కలల గుడ నీళ్లే వస్తుండె. ఇల్లు ఎట్లన్న ఉండనీ, పొద్దుగాల లేస్తనే బావిల దుంకాలె. మా ముగ్గురు పోరగాండ్లకు ఈత నేనే నేర్పుత.”

అతను ఇల్లు కొనడం లేదని, నీళ్లు కొంటున్నాడని నాకప్పుడే అర్థమైంది. రాయడం ముగించి, లేచి నిలబడి చదవడం మొదలుపెట్టాను. అమ్మకందారు, కొనుగోలుదారు, సర్వే నంబరు, విస్తీర్ణం అయ్యాయి. తర్వాత హద్దులు.

“తూర్పు: నారికురుపు పురుగు ఉన్నందున ఆరోగ్యశాఖ వారు గోడ కట్టి మెట్లు మూసిన బావి. ఆ గోడను అమ్మకందారు తీయించినందున ప్రస్తుతం మెట్లు తెరిచి ఉన్నవి. పడమర: ఇరవై అడుగుల బాట...”

చాయ్ బండి దగ్గర మాటలు ఆగిపోయాయి. విఠల్ సేటు నా చేతిలోని కాగితం లాక్కోబోయాడు.

“గిదేం రాత దొరా? హద్దు రాయుమంటె రోగం రాస్తవా?”

“హద్దులో ఉన్నదే రాసిన.”

“ఖాజా భాయ్, నువ్వు ఇనకు. ఈయన భూములు పోయినయ్, గడి కూలింది. తురకోడు, కూలోడు దొరల బావిల దుంకితే ఓర్వలేక మాట్లాడుతుండు. ఇంకేం లేదు!”

ఆ మాట తగలవలసిన చోట తగిలింది. ఖాజా మియా నా వైపు తిరిగాడు. అతని ముఖంలో అంతవరకూ ఉన్న మర్యాద పోయింది.

“మా అబ్బ మీ గడికి గిన్నెలకు కళాయి పెట్టనీకి వచ్చెటోడు. గుర్తున్నదా? మిట్టమధ్యాహ్నం దూపైతుందని మెట్టు మీద కాలు పెడితే మీ కావలోడు కట్టెతోని కొట్టిండు. సచ్చేదాంక చెప్పిండు మా అబ్బ ఆ ముచ్చట. గప్పుడు ముట్టనియ్యలే. ఇప్పుడు నా పైసల్తోని నేను దిగుతనంటే పురుగున్నదంటవా?”

పందిరి కింద అందరూ నన్నే చూస్తున్నారు. నాకు గుర్తుంది. మా తాత కాలంలో మెట్ల దగ్గర ఒక మనిషి కర్ర పట్టుకుని నిలబడేవాడు. ఎవరు దిగవచ్చో, ఎవరు దిగకూడదో అతనికి ముఖాలు చూస్తేనే తెలిసేది. దాన్ని మేం మర్యాద అనుకున్నాం. ఇప్పుడు ఆ కర్రే నా మాటకు అడ్డం వచ్చి నిలబడింది. క్షమాపణ అడగడం మా ఇంట్లో ఎవరూ నేర్పలేదు. అడిగినా, ఆ సమయంలో అది సేటుకే పనికొచ్చేది.

“కొట్టించిండు,” అన్నాను. “మా తాతే. ఆ మాట నిజం. రాయమంటే ఈ కాగితంలోనే రాసి సంతకం పెడత. ఈ మాట గూడ నిజం. ఇది తీసెయ్య.”

“చూసినవా? ఒప్పుకున్నడు!” అని సేటు అరిచాడు.

అప్పుడు మహబూబ్ బీ మాట్లాడింది.

“దొరా, నారు నువ్వు కండ్లార చూసినవా, ఇన్నవా?”

“చూసిన. బాలయ్య అని మా ఊరాయన. ఆయన కాలు.”

“నువ్వు పోయినప్పుడు కాలు ఏడున్నది?”

“బావిలోనే. నీళ్లల్ల పెడితే మంట తగ్గుతదని పెట్టుకుని కూర్చున్నడు. పక్కనే జనం ఈదుతున్నరు.”

“మా అమ్మ గట్లనే పెట్టుకుంటుండె,” అంది ఆమె. “తొట్టిల పెట్టి కూసునేది. మంట ఆగదు దానికి. చూడనోనికి ఈ ముచ్చట తెల్వది. పుల్లకు చుట్టి చుట్టి తీస్తుంటే నడుమ తెగింది. మల్ల ఆ కాలు సక్కగ పడలే మా అమ్మకు.” లేచి నిలబడి భర్త వైపు చూసింది. “ఉఠో జీ. అబ్బ కోపం అబ్బకుండనీ. నా పిల్లలను ఆ నీళ్లల్ల దించ.”

“అరే, బోర్డు మీద...” అని ఖాజా మియా ఏదో అనబోయాడు.

“బోర్డు ఈదుతదా? మనం ఈదాలె. నడువుండ్రి.”

విఠల్ సేటు బయానా, అంటే ముందుగా ఇచ్చిన సొమ్ము, తిరిగి ఇచ్చేది లేదన్నాడు. నేను అప్పటికింకా నిలబడే ఉన్నాను. “సేటూ, ఇక్కడ చదివిన దస్తావేజు బస్టాండుల గుడ చదువుత. ఎల్లారెడ్డి బస్సు ఎక్కేటోళ్లు అందరు ఇంటరు,” అన్నాను. అతను ఖాజా మియా సొమ్ము అక్కడికక్కడే ఇచ్చేశాడు. నా వైపు ఉమ్మలేదు గానీ ఉమ్మినంత పని చేశాడు. ఖాజా మియా నాకు సలాం కూడా చెప్పకుండా భార్య వెనక నడిచాడు.

ఇక్కడితో అయిపోతే ఇది రాయవలసిన పని ఉండేది కాదు.

సేటు నేరుగా పక్క బల్లకు వెళ్లాడు. అక్కడి లేఖరి తర్వాతి ప్లాటుకు ‘తూర్పు: బావి’ అని రాశాడు. ఒక్క మాట. నేను అడిగాను, ఎందుకట్లా రాశావని.

“హద్దు ఏందో రాసుడే మన పని. దానికి జొరమున్నదా, రోగమున్నదా మనకెందుకు దొరా? మీకంటె కుర్చీ ఉన్నది, మాకు పిల్లలున్నరు.”

నాకు పిల్లలు లేరనుకున్నాడో, కుర్చీ అమ్ముకు తింటున్నాననుకున్నాడో! బావి చూసిన నాడే చేయవలసిన పని ఆ సాయంత్రం చేశాను, ఆరోగ్యశాఖ వాళ్లకు కబురు పంపాను. వాళ్లు వచ్చి మందు వేశారు, గోడ మళ్లీ లేపారు. బాలయ్య కాలికి కట్టు కట్టి, మాసేదాకా నీళ్ల వైపు పోవద్దని ఇంట్లోవాళ్లకు గట్టిగా చెప్పారు. కానీ ఆ లోపల మెట్లు తెరిచి ఉన్న రోజుల్లో ప్లాట్లు చూడడానికి వచ్చి సరదాగా మునిగినవాళ్లు, బుడ్డీల్లో నీళ్లు పట్టుకుపోయినవాళ్లు ఎందరో. వాళ్లందరినీ వెతికి చెప్పడం ఎవరి తరం? బావిని ఆనుకున్న మిగిలిన ప్లాట్లన్నీ ‘బావి’ అనే ఒక్క మాట మీదే రిజిస్టరు అయ్యాయి.

మరుసటి వేసవిలో ఒక బడిపంతులు నా బల్ల దగ్గరికి కుంటుకుంటూ వచ్చాడు. కాలికి గుడ్డ చుట్టి ఉంది. దస్తావేజు చూపించి, “ఇందులో ఏం రాయలేదండి. దావా వేయవచ్చా?” అని అడిగాడు. నోటి నిండా నీళ్లు పట్టి పైకి చిమ్మిన మనిషి అతనే. నేను ఆ ముఖం మరిచిపోలేదు. ప్లీడరు దగ్గరికి పంపాను. ఆస్తి మీద లోపం లేదు, బావి అమ్మలేదు, రోగం ఎక్కడ అంటిందో రుజువు లేదు అన్నాడట ప్లీడరు. సేటు పైమెట్టు మీద నాతో చెప్పిన మాటలే అక్షరం పొల్లు పోకుండా చట్టంగా తిరిగొచ్చాయి. ఆ సేటు తర్వాత ఇంకెన్నో వెంచర్లు వేశాడు. సన్మానాలు కూడా చేయించుకున్నాడు. ఒక సభకు నన్నూ పిలిచారు. వెళ్లలేదు.

ఖాజా మియా తరువాతి సెలవుకు వచ్చినప్పుడు ఎల్లారెడ్డిలోనే మరో జాగా చూసుకున్నాడు. రాయించుకోవడానికి నా దగ్గరికే వచ్చాడు. పిల్లలకు కాలువలో ఈత నేర్పుతున్నానని చెప్పాడు. చాయ్ తెప్పించబోయి, నా అలవాటు గుర్తొచ్చి ఆగాడు.

“ఒక మాట సాబ్. ఆ దినం నేను నిన్ను నమ్మలే. ఆమెను నమ్మిన. ఇప్పుడు గుడ గంతే.”

“నన్ను నమ్మమని నేను అడగలేదు. విను అన్నాను,” అన్నాను.

అతను నవ్వాడు. నేను నవ్వలేదు.

ఇన్నేళ్ల పనిలో ఆ కేసు నాకు రెండు సంగతులు నేర్పింది. మొదటిది వృత్తిది. హద్దు రాసేటప్పుడు అది ఎవరిదో మాత్రమే కాదు, ఎట్లాంటిదో కూడా అడగాలి. ఆనాటి నుంచి నా బల్ల దగ్గర బావి, కుంట, కాలువ ఏ హద్దున వచ్చినా, కొనేవాడి ముందరే అమ్మేవాణ్ని నిలబెట్టి ఒకే ప్రశ్న వేసేవాణ్ని: “ఈ నీళ్లల్ల నీ పిల్లలను దించుతవా?” కొందరు వెంటనే దించుతామనేవారు. కొందరు చూపు తిప్పుకునేవారు. చూపు తిప్పుకున్నవాడి దస్తావేజు రాయలేదు. దానివల్ల నా బల్ల దగ్గర గిరాకీ సన్నగిల్లింది. సన్నగిల్లనీ.

రెండోది మా ఇంటిది. ఒక తరం ఆ మెట్ల మీద నుంచి మనుషులను కర్రతో తరిమాం. నిజంగానే దిగకూడని రోజు వచ్చి, దిగకండి అని నేను అరిస్తే, ఆ మెట్ల దగ్గర నా మాటకు విలువ లేదు. మోసం చేసినవాడి మీద నా కోపం ఇప్పటికీ తగ్గలేదు, తగ్గించుకోను కూడా. కానీ కర్ర పట్టుకుని నిలబడ్డ ఆ కావలి మనిషికి జీతం ఇచ్చింది మా తాతే. నేను కూర్చునే ఈ కుర్చీ కూడా ఆయనదే.